ఫోటోలోని చిమ్మట పేరు తేల్చడం ఎలా? తీసే పద్ధతి నుంచి జాతి పేరు దాకా

తొలకరి పడ్డాక వరండా లైటు చుట్టూ చేరే రెక్కల పురుగుల్లో ఒకదాన్ని ఫోన్‌తో ఫోటో తీసి "ఇదేం పురుగు?" అని అడిగితే చాలాసార్లు సరైన జవాబు రాదు. అడిగినవాళ్లదీ, చెప్పేవాళ్లదీ తప్పు కాకపోవచ్చు. పేరు తేల్చే గుర్తు ఆ ఫోటోలో లేకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు జాతులైతే, చిమ్మటలు (ఇంగ్లిష్‌లో మాత్స్) 10,000కు పైనే. అన్ని బొమ్మలూ ఉన్న పుస్తకం ఏదీ లేదు, తిరగేసి పోల్చుకునే పద్ధతి ఇక్కడ సాగదు. ముందు కుటుంబం, తర్వాత ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), చివరికి జాతి అనే క్రమంలో కాని వాటిని ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోవాలి. ఫోటో ఎక్కడిదాకా సాక్ష్యం చెబితే అక్కడిదాకానే వెళ్లాలి.

1. ఏయే ఫోటోలు కావాలి

ఒకే చిమ్మటకు కనీసం నాలుగు ఫోటోలు తీయాలి. మొదటిది నేరుగా పైనుంచి. ఫోన్ తలం రెక్కల తలానికి సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే రెక్క ఆకారం కుదించుకుపోతుంది, గీతల వంపులు మారిపోతాయి. రెక్కల్ని ఇంటి పైకప్పులా రెండు వైపులా వాల్చుకుని కూర్చునే చిమ్మటలకు పైనుంచి తీసిన ఫోటో చాలదు. ఒక్కో రెక్కకూ ఎదురుగా, దాని వాలుకు సరిపడే కోణంలో మరొకటి తీయాలి.

రెండోది పక్కనుంచి. రొమ్ము (రెక్కలు, కాళ్లు అతికి ఉండే నడిమి భాగం) మీది కుచ్చులు, పొట్ట రంగు, కాళ్ల మీది వెంట్రుకలు ఇందులోనే కనబడతాయి. క్రియాటోనోటస్ గాంజిస్ అనే చిమ్మట పైనుంచి చూస్తే లేత గోధుమ రెక్క మీద నల్లటి చారలతో ఉంటుంది. దాని ఎర్రటి పొట్ట మాత్రం పక్కనుంచి తీస్తేనే దొరుకుతుంది.

మూడోది ముఖం. మీసాలు దారంలా ఉన్నాయా, దువ్వెన పళ్లలా చీలి ఉన్నాయా, మూతి ముందు పాల్పులు (నోటి దగ్గరుండే చిన్న స్పర్శాంగాలు) పైకి వంగాయా, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చాయా అన్నవి ఇందులో చూడాలి. చాలా చిమ్మటలు కూర్చున్నప్పుడు మీసాల్ని రెక్కల కింద దాచుకుంటాయి. దాచుకుంటే దాచుకున్నాయనే రాసుకోవాలి, లేవని రాయకూడదు.

నాలుగోది వెనుక రెక్క. జనం ఎక్కువగా వదిలేసేది దీన్నే, ఎక్కువ పేర్లు ఆగిపోయేదీ దీని దగ్గరే. ముందు రెక్క చెట్టు బెరడు రంగులో కలిసిపోయేలా ఉంటుంది, అసలు గుర్తు దాని కింద దాగుతుంది. మెత్తటి సన్న కుంచెతో ముందు రెక్క ముందంచును నెమ్మదిగా తలవైపు జరిపితే కొన్ని చిమ్మటలు కదలకుండా రెక్క విప్పి చూపిస్తాయి. కొన్ని బెదిరి వెనుక రెక్క రంగును తళుక్కుమనిపిస్తాయి. ఎగరబోయే ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి రెక్కలు వణికించేవీ ఉన్నాయి. ఈ మూడు సందర్భాల్లోనూ ఫోన్ వరుసగా ఫోటోలు తీసే బర్స్ట్ మోడ్‌లో ఉంటే ఒక్క మంచి ఫ్రేమైనా చిక్కుతుంది. వేళ్లతో రెక్క పట్టుకోవద్దు, పొలుసులు రాలి గుర్తులు పోతాయి.

బల్లులు తిని వదిలేసిన రెక్కలు పొద్దున్నే లైటు కింద నేలమీద దొరుకుతాయి. వాటిని పారేయకండి. గ్రాఫ్ కాగితం మీద పరిచి ఫోటో తీస్తే వెనుక రెక్క, అడుగు వైపు, కొలత మూడూ ఒకేసారి వచ్చేస్తాయి. అది ఏ చిమ్మటదో మాత్రం రాత్రి తీసిన ఫోటోలో ముందు రెక్కతో సరిచూసుకోవాలి.

వెలుగు విషయంలో రెండు మాటలు. ఫోన్ ఫ్లాష్ నేరుగా కొడితే పొలుసులు మెరిసి గీతలు తుడిచేసినట్టవుతాయి. టార్చికి టిష్యూ కాగితం చుట్టి పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో పట్టుకోవడం మేలు. పసుపు బల్బు కింద తెల్లటి చిమ్మట కూడా మీగడ రంగులో కనిపిస్తుంది కాబట్టి ఫ్రేములో ఒక మూల తెల్ల కాగితం ముక్క ఉంచితే తర్వాత రంగు సరిదిద్దుకోవచ్చు. చాలా ఫోన్లు దగ్గరికి తేగానే వాటంతట అవే వైడ్ లెన్స్‌కు మారిపోతాయి. చీకట్లో ఆ లెన్స్ ఇచ్చేది మసక బొమ్మే. ఆ ఆటో మాక్రోను ఆపేసి, కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీసి తర్వాత క్రాప్ చేసుకుంటే ఈనెలు కూడా తెలుస్తాయి. కెమెరా ఉన్నవాళ్లకు 90 నుంచి 105 మి.మీ. మాక్రో లెన్స్, ఎఫ్/11, 1/160 సెకను, ఐఎస్ఓ 200–400, డిఫ్యూజర్ తగిలించిన ఫ్లాష్ సరిపోతాయి. తెల్ల చిమ్మటలకు ఫ్లాష్ బలం కాస్త తగ్గించాలి, లేకపోతే రెక్క మీది సన్న గీతలు వెలుగులో కొట్టుకుపోతాయి.

వరండా లైటుతో తృప్తి పడనివాళ్లు తెల్ల పంచె ఒకటి తాడు మీద ఆరేసి, ముందు అతినీలలోహిత కాంతినిచ్చే ట్యూబు గాని, 160 వాట్ల మెర్క్యురీ బల్బు గాని పెట్టుకోవచ్చు. మామూలు ఎల్ఈడీ బల్బుల్లో ఆ కాంతి దాదాపు ఉండదు కాబట్టి వాటికి తక్కువే వస్తాయి. ఆ ట్యూబు వైపు అదేపనిగా చూడకూడదు. అమావాస్యకు అటూ ఇటూ ఉండే, గాలి లేని, ఉక్కపోత రాత్రులు బాగుంటాయి. తెల్లవారుజామున కాకులు, గోరింకలు రాకముందే మరోసారి గోడ చూడాలి.

2. కొలత

కొలత లేని ఫోటోలో 15 మి.మీ. చిమ్మటకూ 60 మి.మీ. చిమ్మటకూ తేడా తెలియదు. కుటుంబాన్ని ఎంచేటప్పుడు అది పెద్ద లోటు. రూపాయి బిళ్ల పక్కన పెట్టడం చాలామందికి అలవాటు. రూపాయి బిళ్లలే రకరకాల సైజుల్లో చెలామణిలో ఉన్నాయి కాబట్టి అది నమ్మదగ్గ కొలత కాదు. స్కూలు పిల్లల మిల్లీమీటరు గ్రాఫ్ కాగితాన్ని లైటు పక్క గోడకు అతికించడం అన్నిటికంటే సులువు.

కొలవాల్సింది ముందు రెక్క పొడవు, అంటే రొమ్ముకు అతికిన చోటు నుంచి రెక్క కొన దాకా. ఫోటోలో 10 మి.మీ. గీత 240 పిక్సెళ్లు, రెక్క 396 పిక్సెళ్లు ఉంటే, రెక్క పొడవు 16.5 మి.మీ. పుస్తకాలు ఎక్కువగా రెక్కలు చాచినప్పటి మొత్తం వెడల్పు ఇస్తాయి. రెక్క పొడవుకు రెట్టింపు చేసి రొమ్ము వెడల్పు కలిపితే దాని దరిదాపుల్లోకి వస్తారు. పై లెక్కన అది సుమారు 35–37 మి.మీ. స్కేలు చిమ్మట కంటే కెమెరాకు దగ్గరగా ఉంటే చిమ్మట ఉన్నదానికన్నా చిన్నదిగా లెక్క తేలుతుంది. రెండూ ఒకే తలంలో ఉండాలి.

3. అది చిమ్మటేనా

బాత్‌రూమ్ గోడ మీద కూర్చునే 2–4 మి.మీ. బూడిద రంగు వెంట్రుకల పురుగు చిమ్మట కాదు, ఒక రకం ఈగ. దానికి రెక్కలు రెండే. నీటి దగ్గర లైట్లకు వచ్చే కాడిస్ ఫ్లైలకు రెక్కల మీద పొలుసుల బదులు సన్నటి నూగు ఉంటుంది, చుట్టుకునే తొండం ఉండదు. మీసాల చివర గుండ్రటి బొడిపె ఉంటే అది దాదాపుగా సీతాకోకచిలుక. పగలు తిరుగుతోంది కాబట్టి సీతాకోకచిలుకే అనుకోవద్దు. నూరువరహాల పూల మీద తుమ్మెదలా ఆడే, గాజులాంటి రెక్కల సెఫనోడెస్ హైలాస్ చిమ్మటే. కందిరీగ వేషం వేసే అమాటా జాతులూ పగటి చిమ్మటలే.

గోడల మీద సిమెంటు రంగులో, రెండు వైపులా మొనదేలిన చదునైన గూడు మెల్లగా పాకుతూ కనిపిస్తే లోపల ఉన్నది టినీడే కుటుంబపు చిమ్మట పిల్ల. దాని పెద్ద రూపాన్ని ఎవరూ పట్టించుకోరు గాని గూటిని చూడని ఇల్లు అరుదు.

4. కూర్చున్న తీరును బట్టి కుటుంబం

ఈ మెట్టు దగ్గర తొందరపడితే తర్వాతివన్నీ వృథా. యాప్ చెప్పిన పేరును కొట్టేయడానికీ ఈ కుటుంబ జ్ఞానమే ఆధారం. రంగును కాసేపు మరిచిపోయి రూపురేఖ మాత్రమే చూడండి.

ఒళ్లు లావుగా, తోకవైపు మొనదేలి, ముందు రెక్కలు సన్నగా పొడవుగా వెనక్కి వాలి ఉంటే స్ఫింజిడే. గన్నేరు మీద పెరిగే ఆకుపచ్చ పాలరాతి నమూనాల డాఫ్నిస్ నేరి, నువ్వు చేలో పిల్ల దశ గడిపే అకెరాన్షియా స్టిక్స్ ఈ కుటుంబానివే. ఆ రెండోదాని వీపు మీద పుర్రె ఆకారపు మచ్చ ఉంటుంది, పట్టుకుంటే కీచుమంటుంది.

ఒళ్లు సన్నగా ఉండి నాలుగు రెక్కలూ గోడకు అతికించినట్టు పరుచుకుని, ముందు రెక్క మీది గీతలు వెనుక రెక్క మీదికీ కొనసాగితే జియోమెట్రిడే అనుకోవచ్చు. వీటికి వెనుక రెక్క ఫోటో విడిగా అక్కర్లేదు, అదే కనిపిస్తుంది.

చిన్నగా, 15–30 మి.మీ. లోపు, త్రికోణంలా కూర్చుని, కాళ్లు పొడవుగా, మూతి ముందు పాల్పులు పొడుచుకొచ్చి ఉంటే క్రాంబిడేతో మొదలుపెట్టండి. వరి కాండం తొలిచే పురుగు తల్లి (అంటే ఆ పురుగు ఎదిగి అయ్యే చిమ్మట), ఆకుముడత తల్లి, తోటకూర గూడు పురుగు తల్లి అన్నీ ఇందులోవే. పగలు గడ్డిలో నడిస్తే కాళ్ల ముందు లేచి మళ్లీ రెండడుగుల్లో వాలే ముదురు గోధుమ చిమ్మటకు రెండు రెక్కల మీదా తెల్లటి అడ్డపట్టీ ఉంటే అది స్పోలాడియా రికర్వాలిస్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ.

రెక్కలు పైకప్పులా వాల్చి, ముందు రెక్క మీద ఒక గుండ్రటి మచ్చ, దాని పక్కన ఒక కిడ్నీ ఆకారపు మచ్చ స్పష్టంగా ఉంటే నాక్టుయిడే వైపు చూడాలి. లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, కత్తెర పురుగు తల్లులు ఇక్కడివే.

ఎరెబిడే మాత్రం పెద్ద సంత. దీన్ని ఉపకుటుంబాలుగా విడగొట్టుకుంటే తప్ప పని జరగదు. వెంట్రుకల ముందుకాళ్లు రెండూ ముందుకు చాపి కూర్చుంటే లైమాంట్రీనే. ఎరుపు, పసుపు, తెలుపు ముదురు రంగుల మీద చుక్కలు, చారలు ఉంటే ఆర్క్టీనే. నారింజ పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, లేత ఈనెల గోధుమ రెక్క మధ్యలో ఒక తెల్ల చుక్క ఉంటే ఆగనైనేలోని ఆసోటా కారికే. పెద్దగా, వెడల్పాటి రెక్కలు పరుచుకుని, బెరడు రంగులో, రెక్క మీద కంటి గుర్తుతో ఉంటే ఎరెబీనేలోని ఎరెబస్. పాత పుస్తకాల్లో ఆర్క్టిడే, లైమాంట్రిడే విడి కుటుంబాలుగా కనిపిస్తాయి. ఇప్పుడు రెండూ ఎరెబిడేలో కలిసిపోయాయి కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి.

నాక్టుయిడే, ఎరెబిడేలను విడదీసే అసలు గుర్తుల్లో ఒకటి వెనుక రెక్కలోని ఎమ్2 అనే ఈనె బలంగా ఉందా, పలచగా ఉందా అన్నది. బతికున్న చిమ్మట ఫోటోలో అది కనబడటం గగనం. తేలకపోతే రెంటినీ కలిపే పెద్ద వర్గం నాక్టుయోయిడియా దగ్గర ఉంచేసి ముందుకు సాగండి.

మిగతావి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ముందు రెక్క అంచు కింద నుంచి వెనుక రెక్క బయటికి పొడుచుకొస్తే లాసియోకాంపిడే. రెక్కలు సన్నగా చుట్టుకుని ఒంటికి అడ్డంగా చాపి టీ అక్షరంలా కూర్చుంటే టెరోఫోరిడే. పొడవాటి వెంట్రుకల ఒళ్లు, రెక్క లోపలంచు నుంచి పైకి లేచిన కుచ్చు ఉంటే నోటోడాంటిడే. చెయ్యంత వెడల్పు రెక్కలుంటే సాటర్నిడే. మన దసలి పట్టు పురుగు తల్లి ఆంథీరియా మిలిటా ఈ కుటుంబానిదే. దాని నాలుగు రెక్కల మీదా గాజులాంటి కన్ను ఉంటుంది. 12 మి.మీ. లోపు ఉన్న సన్నటి చిమ్మటల్ని మొదట్లో పక్కన పెట్టండి. వాటి మీద పెట్టిన సమయానికి ఫలితం తక్కువ.

5. గీతలు చదవడం

చిమ్మట ముందు రెక్క నమూనాకు ఒక స్థిరమైన పటం ఉంది. రొమ్ము వైపు నుంచి బయటికి వెళ్తే మొదట ఒక అడ్డగీత, తర్వాత గుండ్రటి మచ్చ, మధ్య నీడ, కిడ్నీ మచ్చ, రెండో అడ్డగీత, బయటంచుకు దగ్గరగా అలలా సాగే లేత గీత, చివర కుచ్చు అంచు. అన్నీ అన్నిటికీ ఉండవు. ఏది ఉంది, ఏది లేదు అన్నదే సమాచారం.

రెండో అడ్డగీతను ప్రత్యేకంగా చూడండి. ముందంచు దగ్గర ఎక్కడ మొదలైంది, కిడ్నీ మచ్చను చుట్టి బయటికి ఉబ్బిందా, నేరుగా దిగిందా, ఎక్కడ కోణంగా విరిగింది? దగ్గరి జాతుల మధ్య తేడా తరచూ ఈ విరుపులోనే ఉంటుంది.

రంగును చివర పెట్టమనడానికి కారణాలున్నాయి. పొలుసులు రాలిన పాత చిమ్మట వెలిసిపోతుంది. కుచ్చు అంచు చిరిగి ఉంటే అది పాతదని గుర్తు, దాని రంగును సాక్ష్యంగా తీసుకోకండి. ఒకే జాతిలో ఆడా మగా వేరుగా ఉండొచ్చు. వరి కాండం తొలిచే పురుగు ఆడది పసుపు రంగులో, ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్కతో ఉంటుంది. మగది చిన్నగా, గోధుమ రంగులో, చుక్క కనీకనబడనట్టుగా ఉంటుంది. ట్రాబలా విష్ణు మగది చిన్న లేత ఆకుపచ్చ చిమ్మట అయితే ఆడది పెద్దగా, రెక్క మీద గోధుమ రంగు మచ్చతో ఉంటుంది. పేరు తెలియనివాళ్లు వీటిని రెండు జాతులుగా దాచుకుంటారు. థైసనోప్లూసియా ఒరికాల్సియా రెక్క మీది బంగారు మెరుపు ఒక కోణంలో మండిపోతుంది, మరో కోణంలో మట్టి రంగుకు మారుతుంది.

యాప్ తెరవక ముందే చూసింది రాసుకోండి. ఉదాహరణకు: "ముందు రెక్క 31 మి.మీ. లేత గోధుమ, రెండో అడ్డగీత వంకర, బయటివైపు ముదురు. వెనుక రెక్క నలుపు, నడుమ తెల్ల పట్టీ, బయటంచున మూడు తెల్ల మచ్చలు. మీసాలు దారంలా. జులై, ఆముదం చేను పక్క ఇల్లు." యాప్ ఒక పేరు చెప్పాక కళ్లు ఆ పేరుకు తగ్గట్టే చూస్తాయి. ముందే రాసుకుంటే ఆ బెడద ఉండదు.

6. యాప్‌లు, వెబ్‌సైట్లు

జీవుల ఫోటోలు పెడితే పేరు సూచించే, ఇతరులూ సరిచూసే ఐనేచురలిస్ట్‌కు ఫోటో ఇచ్చేటప్పుడు చిమ్మట ఫ్రేములో మూడింట రెండొంతులు నిండేలా క్రాప్ చేసి, స్థలం, తేదీ తప్పకుండా ఇవ్వాలి. స్థలం లేకపోతే అది ఎక్కడి జాతులనైనా చూపిస్తుంది. మొదటి సూచన ఒక్కటే తీసుకోకుండా మొత్తం జాబితా చూడండి. పదింటిలో ఏడు ఒకే కుటుంబానివైతే కుటుంబం మేరకు నమ్మొచ్చు. తగినన్ని ఫోటోలు చేరని జాతులు దాని జాబితాలోనే ఉండవు కాబట్టి, మీ చిమ్మట అలాంటిదైతే యాప్ దాని చుట్టం పేరును ధైర్యంగా చెప్పేస్తుంది. గూగుల్ లెన్స్‌తో మరో చిక్కుంది. అది బొమ్మను బొమ్మతో పోలుస్తుంది, ఇంటర్నెట్‌లో ఎక్కువగా ఉన్నవేమో యూరప్, అమెరికా చిమ్మటల బొమ్మలు.

ఐనేచురలిస్ట్‌లో "రీసెర్చ్ గ్రేడ్" అంటే కనీసం ఇద్దరు, మొత్తం మీద మూడింట రెండొంతులకు పైగా ఒకే పేరుకు ఒప్పుకున్నారని అర్థం. అది ఏకాభిప్రాయం, రుజువు కాదు. ఒకరు పెట్టిన తప్పు పేరుకు మరొకరు తలూపితే ఆ ఫోటో మూడోవారికి ఆధారమైపోతుంది. అందుకే పేరు దొరికాక మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో గాని, మ్యూజియం నమూనాల ఫోటోలతో గాని పోల్చాలి.

వర్ణన కోసం బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త హాంప్సన్ 1892 నుంచి 1896 మధ్య నాలుగు సంపుటాల్లో రాసిన బ్రిటిష్ ఇండియా చిమ్మటల గ్రంథం ఇప్పటికీ పనికొస్తుంది, ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులోని పేర్లు చాలా మారాయి. దొరికిన పాత పేరును ఇప్పటి పేరుతో జత చేయకుండా వాడకూడదు.

7. పోల్చే పని: కొన్ని నిజమైన చిక్కులు

పైన రాసుకున్న నమూనా వర్ణన అకేయా జనాటాది, అంటే ఆముదం దాసరి పురుగు తల్లిది. ముందు రెక్క ఒక్కటే కనిపిస్తే దాన్ని డిస్గోనియా వగైరా దగ్గరి చుట్టాలతో పొరబడటం సులువు. వాటిలోనూ కొన్నిటికి వెనుక రెక్క మీద తెల్ల పట్టీ ఉంటుంది. అందుకే పట్టీతో పాటు బయటంచున ఉన్న మూడు తెల్ల మచ్చలు కూడా కనిపించాలి. చుట్టుపక్కల ఆముదం ఉండటం బలం చేకూరుస్తుంది గాని, దాంతోనే తేల్చకూడదు.

బత్తాయి తోటల్లో రాత్రిపూట కాయకు తొండం గుచ్చి రసం పీల్చే యూడోసిమా చిమ్మటల్లో రెండు తరచుగా కనిపిస్తాయి. రెంటికీ వెనుక రెక్క నారింజ రంగే. యూడోసిమా మెటర్నాకు అందులో విడిగా ఒక గుండ్రటి నల్ల చుక్క ఉంటుంది. యూడోసిమా ఫాలోనియాకు ఆ చోట వంకర తిరిగిన పెద్ద నల్ల మచ్చ ఉంటుంది. ముందు రెక్కలు మూసుకుని ఉన్న ఫోటోతో ఎండుటాకు తప్ప మరేం కనిపించదు. వీటి గొంగళి పురుగులు బత్తాయి మీద పెరగవు. అవి తిప్పతీగ, దూసరి తీగ లాంటి తీగల మీద ఉంటాయి. తోట గట్టు మీద ఆ తీగలుంటే అదీ నోట్ చేసుకోవాలి.

వేరుశనగ చేల దగ్గర తొలి పెద్ద వాన పడ్డ కొద్ది రోజులకే ఒక్కసారిగా లైట్లకు వచ్చే తెల్ల వెనుక రెక్కల చిమ్మట ఎర్ర గొంగళి పురుగు తల్లి, ఆమ్సాక్టా. ముందు రెక్క ముందంచున ఉన్న చార పసుపైతే ఆల్బిస్ట్రిగా, ఎరుపైతే మూరీ. ఇక్కడ మాత్రం రంగే గుర్తు. అందుకే పసుపు బల్బు కింద తీసిన ఫోటో పనికిరాదు.

దోస, కాకర పాదుల మీద కనిపించే, తెల్లటి పారదర్శక రెక్కలకు ముదురు గోధుమ అంచు, పొట్ట చివర ఆడించే కుచ్చు ఉన్నది డయఫానియా ఇండికా. రెక్క మొత్తం తెల్లగా ఉండి ముందంచు ఒక్కటే గోధుమైతే పాల్పిటా వైపు వెళ్లాలి.

కత్తెర పురుగు స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా 2018లో కర్ణాటకలో బయటపడి అదే ఏడాది మన మొక్కజొన్న చేలకూ చేరింది. దాని మగ చిమ్మట ముందు రెక్క కొన దగ్గర తెల్లటి త్రికోణపు మచ్చ, మధ్యలో ఏటవాలు లేత మచ్చ ఉంటాయి. ఆడది బూడిద గోధుమ రంగులో పెద్ద గుర్తులేవీ లేకుండా ఉంటుంది, ఫోటోతో దాన్ని ఖాయం చేయడం కుదరదు. లింగాకర్షక బుట్టలో పడింది కదా అన్నా చాలదు, వేరే జాతుల మగ చిమ్మటలూ అందులో పడుతుంటాయి. మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయం తల్లి పురుగు ఫోటో మీద తీసుకోకండి. మొక్కజొన్న సుడిలో (నడిమి లేత ఆకుల చుట్టలో) గొంగళి పురుగు కోసం వెతకండి. తల మీద తలకిందులైన వై గుర్తు, తోకకు ముందున్న ఖండం మీద చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే సందేహం అక్కర్లేదు.

8. ఎక్కడ ఆగాలి

కొన్ని జతలను ఎంత మంచి ఫోటో అయినా విడదీయలేదు. హిపోషన్ రోసెట్టా, హిపోషన్ బోర్హావియే చూడటానికి ఒకేలా ఉంటాయి, జననాంగాలను కోసి చూస్తేనే తేడా తెలుస్తుంది. తెల్ల రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కల యుటెథైసాలో పుల్కెల్లాయిడెస్, లోట్రిక్స్ జాతులదీ దాదాపు ఇదే కథ. స్కోపులా ప్రజాతిలోని లేత రంగు చిన్న చిమ్మటలు కూడా అంతే. అలాంటి చోట ప్రజాతి పేరు రాసి ఆపితే ఆ నమోదు సరైనదిగా మిగులుతుంది. జాతి పేరు తగిలిస్తే తప్పుకు సగం అవకాశం ఇచ్చినట్టే.

జాతి పేరు రాసే ముందు మూడు ప్రశ్నలకు జవాబుండాలి. దీన్ని పోలిన జాతులు ఏవి? వాటికీ దీనికీ తేడా చెప్పే గుర్తు ఏది? ఆ గుర్తు నా ఫోటోలో కనిపిస్తోందా? మూడో ప్రశ్నకు "లేదు" అనే జవాబు వస్తే ఒక మెట్టు వెనక్కి తగ్గి ప్రజాతి దగ్గర ఆగాలి. మొదటి ప్రశ్నకే జవాబు తెలియకపోతే రెండు మెట్లు తగ్గి కుటుంబం దగ్గర ఆగడం మంచిది.

ప్రాంతాన్ని కూడా తూచి వాడాలి. ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రమే నమోదైన జాతి నల్లమలలో దొరికిందని యాప్ చెబితే మొదట యాప్‌నే అనుమానించండి. అలాగని కొట్టిపారేయనూ వద్దు. తూర్పు కనుమల్లో చిమ్మటలను వెతికినవాళ్లు తక్కువ, "ఇక్కడ లేదు" అన్నదానికి "ఇక్కడ ఎవరూ చూడలేదు" అని కూడా అర్థం ఉండొచ్చు. అడవిలో లైటు పెట్టడానికి, నమూనా సేకరించడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలి.

9. నమోదు

అసలు ఫైలును ఎడిట్ చేయకుండా దాచండి, తీసిన సమయం అందులోనే ఉంటుంది. వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు పోతాయి, బొమ్మ కూడా కుదించుకుపోతుంది, కాబట్టి పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి. రంగులు పెంచే ఫిల్టర్లు వద్దు. ఒకే చిమ్మటకు చెందిన ఫోటోలన్నీ ఒకే నమోదులో పెట్టాలి. రెండు చిమ్మటలను ఒకే నమోదులో కలిపితే గుర్తించేవాళ్లు రెంటినీ వదిలేస్తారు. ఫైలు పేరులో తేదీ, ఊరు, వరుస సంఖ్య ఉంటే చాలు. ఇంటి దగ్గర తీసినవైతే యాప్‌లో స్థలాన్ని మసకబరిచే ఎంపిక ఉంది, జిల్లా తెలిస్తే పనికి సరిపోతుంది.

పేరు తేలని వాటిని "తెలియనివి" అన్న ఒకే ఫోల్డరులో పడేయకుండా కుటుంబాల వారీగా విడిగా ఉంచండి. ఒక క్రాంబిడే పేరు కొత్తగా తెలిసిన రోజు ఆ ఒక్క ఫోల్డరు తిరగేస్తే పాతవాటిలో అదే చిమ్మట మరో రెండు చోట్ల దొరకడం మామూలే. మీరు పెట్టిన పేరును ఎవరైనా మారిస్తే, వెంటనే ఒప్పుకునే ముందు ఏ గుర్తును బట్టి మార్చారో అడగండి. తెలిసినవాళ్లు రెక్క మీద వేలు పెట్టి చూపిస్తారు, ఆ గుర్తును మీ నోట్స్‌లో ఆ జాతి పేరు కింద రాసి పెట్టుకోండి.